సాక పోసిన చెయ్యి

తాగేవాళ్లంటే నాకు అసలు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మా నాయిన యోబు తాపీమేస్త్రీ. నల్గొండ పక్క ఊరి నుంచి మీర్‌పేటకు వచ్చి, చుట్టుపక్కల కాలనీల్లో ఎవరెవరివో మేడలు కట్టాడు గానీ, మా రెండు గదుల ఇంటికి సున్నం కూడా వేయకుండానే పోయాడు. క్రిస్మస్ వస్తే పండగని తాగేవాడు, గుడ్‌ఫ్రైడే వస్తే దుఃఖమని తాగేవాడు. మా అమ్మ ఎలీశమ్మ ఏడ్చి ఏడ్చి చివరికి ఏడవడం కూడా మానేసింది. అందుకని నేను సిటీ బస్సులో కండక్టరుగా చేరాక, నాతో డ్యూటీ పడిన ప్రతి డ్రైవర్ దగ్గరా మొదట వాసన చూసేదాన్ని. హెప్సిబా కాదు, పోలీసమ్మ అని వెనకాల అనుకునేవారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

మట్టయ్యతో డ్యూటీ పడినప్పుడు కూడా అదే చేశాను. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠికి పోయే బండి మాది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, ప్యాసింజర్ల మీద నోరు పారేసుకోడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. అంతా బాగానే ఉంది గానీ పొద్దున్నే లవంగం నములుతూ వచ్చేవాడు. లవంగం నమిలేవాళ్లను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. డిపోలో ఊదే మిషన్ ఉంటుంది, అందులో ఊదాకే బండి ఇస్తారు. మట్టయ్య రోజూ ఊదేవాడు, రోజూ సున్నా వచ్చేది. రాత్రి తాగింది పొద్దుటికి నోట్లోంచి పోతుంది గానీ చేతుల్లోంచి పోదు. గేరు మార్చేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి సన్నగా వణకడం నేను చూసేదాన్ని.

కొత్తపేట దగ్గర ఒక పొద్దున అది బయటపడింది. ఆటో అడ్డం వచ్చింది. మట్టయ్య బ్రేకు ఆలస్యంగా తొక్కాడు, తొక్కినప్పుడు మరీ గట్టిగా తొక్కాడు. పళ్ల మార్కెట్‌కు పోతున్న ఒక ముసలమ్మ నిలబడ్డ చోటి నుంచి ఇంజన్ దాకా వచ్చి పడింది. మణికట్టు విరిగింది. తప్పు ఆటోదే అని బస్సులో అందరూ అన్నారు, ఆటో అతను కూడా ఒప్పుకున్నాడు. ముసలమ్మను దవాఖానలో చేర్చి వచ్చాక, డిపోలో నల్లా దగ్గర మట్టయ్యను నిలదీశాను.

"ఆటో రాకపోయినా నువ్వు గట్లనే తొక్కుతుంటివి అన్నా. ఇంకోపారి గీ చేతులతోని బండి తీస్తే నేను ఎక్క. ఎందుకు ఎక్కలేదో మేనేజర్ సార్‌కు చెప్త."

నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. ఆ ముసలామె మా అవ్వ తీర్గ ఉన్నది అన్నాడు, అంతే. నాకైతే జాలి కలగలేదు. మా ఇంట్లో ఉన్న జాలి అంతా మా నాయిన మీదే అయిపోయింది.

అదే వారంలో ఆయన భార్య రాములమ్మ కూతురు జ్యోతికను తీసుకుని చౌటుప్పల్‌లో అన్న ఇంటికి వెళ్లిపోయింది. వనస్థలిపురంలో ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది రాములమ్మ. మాటలు తక్కువ. మట్టయ్య పోయి ఆ ఇంటి గడపలో కూర్చుంటే చివరికి తిరిగొచ్చింది గానీ ఒక షరతు మీద వచ్చింది. మళ్లీ తాగిన రోజున పిల్లను తీసుకుని వెళ్లిపోతుంది. ఈసారి అన్న ఇంటికి కాదు, ఎక్కడికో చెప్పదు, వెతుక్కుంటూ రాకూడదు. ఈ సంగతి మట్టయ్యే నాకు చెప్పి ఒక సాయం అడిగాడు.

"మిషన్‌ను మోసం జేసుడు నాకొస్తది చెల్లె. నిన్ను మోసం జేసుడు రాదు. పొద్దుగాల బండి తీసే ముందల నా చేతులు చూడు. వణికితే ఎక్కకు."

అప్పటి నుంచి ఇంజన్ స్టార్ట్ చేసే ముందు మట్టయ్య డ్రైవర్ కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాపేవాడు. నేను కింద నిలబడి చూసేదాన్ని. నిలకడగా ఉంటే ఎక్కేదాన్ని. డిపోలో అందరికీ ఇదొక తమాషా అయింది. ఏం మట్టన్నా, అక్క జాతకం చెప్తున్నదా అని ఏడిపించేవారు. మొదట్లో ఆ చేతులు వణికిన రోజులున్నాయి. అలాంటి రోజున కడుపునొప్పి అని చెప్పి సెలవు పెట్టి పోయేవాడు. తాగుడు తగ్గింది గానీ అబద్ధం తగ్గలేదని నాకు గుచ్చుకునేది. అయినా చేతులు నెమ్మదిగా కుదుటపడ్డాయి, ఆ తరవాత వణకడం మానేశాయి. పనైతే జరుగుతున్నది కదా అని నేనూ సరిపెట్టుకున్నాను.

పొద్దున సంగతి అది. అసలు గండం సాయంత్రం. డ్యూటీ దిగాక కాళ్లు వాటంతట అవే వైన్‌షాపు వైపు పోతాయట. ఆ గంట గడవడానికి ఒక దారి ఆయనకు అనుకోకుండా దొరికింది. సరూర్‌నగర్ పోయే రోడ్డులో జోగారావు లారీల షెడ్డు ఉంది. జోగారావుది రాజమండ్రి పక్క, ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. మట్టయ్య ఒక సాయంత్రం బైకుకు గాలి కొట్టించుకోవడానికి ఆగి, అక్కడ లారీ చక్రం విప్పి ఉంటే చూస్తూ నిలబడ్డాడు. బ్రేకు వదిలినప్పుడల్లా ఉస్సుమనే గాలి ఎక్కడి నుంచి వస్తుందో తనకు తెలియదని అప్పుడు తట్టిందట. ఇన్నేళ్లుగా రోజూ వింటున్న చప్పుడు. సిగ్గుపడుతూనే అడిగాడు. జోగారావు నవ్వలేదు, గాలి ట్యాంకు దగ్గరి నుంచి చక్రం దాకా గొట్టం వెంబడి వేలు పెట్టి చూపించాడు.

మర్నాడు ఆ పాఠం నాకు. గాలే బ్రేకు చెల్లె, మనం తొక్కేది దానికి తొవ్వ ఇడుసుడే అన్నాడు. నాకు సగం కూడా అర్థం కాలేదు. అప్పటి నుంచి రోజుకొక ప్రశ్న పెట్టుకుని షెడ్డుకు పోయేవాడు. నిప్పు లేకుండా డీజిల్ ఎట్ల అంటుకుంటుంది, టైరు ఒక పక్కే ఎందుకు అరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఎందుకు గుంజదు. పొద్దంతా బండి నడుపుతూ ఆ సాయంత్రం ఏమడగాలా అని ఆలోచించేవాడు, సిగ్నల్ పడితే వెనక్కి తిరిగి నాతో చెప్పేవాడు. నేను టికెట్లు కొట్టాలా, నీ పాఠం వినాలా అని విసుక్కునేదాన్ని. లోపల మాత్రం చాలా సంతోషంగా ఉండేది. మా నాయినకు కూడా ఇలాంటి గంట ఒకటి ఎవరైనా చూపించి ఉంటే అనుకునేదాన్ని.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. టీచర్లు, ఆఫీసుల వాళ్లు, బొగ్గుబావుల వాళ్లు దిగారు, మేమూ దిగాం. డిపోలో బండ్లు వరసగా నిలబడిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్నాం, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తిన్నాం, బతుకమ్మ ఆడాం. నేను చర్చి పిల్లను, అడుగులు వేయడం నాకు రాదు. ఆ ఏడే నేర్చుకున్నాను. తెలంగాణ అన్న మాట నాకు ఊరికే నినాదం కాదు. నా యాస విని బస్సులో ముసిముసిగా నవ్వినవాళ్లు నాకు ఇంకా గుర్తున్నారు. ఆ టెంటులో కూర్చున్నప్పుడే నేను ఎవరికీ తక్కువ కాదని మొదటిసారి గట్టిగా అనిపించింది.

సమ్మెలో కూడా మట్టయ్య చీకటితోనే లేచేవాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని టెంటుకు వచ్చి నా ముందు చేతులు చాపేవాడు. బండి లేకపోతే ఏంది, చేతులున్నయి గదా అనేవాడు. పగలు గడవడం కష్టంగానే ఉండేది. నినాదాలయ్యాక, పాటలయ్యాక, ఊరికే కూర్చోవాలి. మధ్యాహ్నం దాటితే కొందరు వెనక సందులోకి పోయి వచ్చేవారు. మట్టయ్య అటు పోలేదు. పొద్దు వాలగానే లేచి షెడ్డుకు పోయేవాడు. అది జగన్ కంట్లో పడింది.

జగన్ మా యూనియన్ నాయకుడు. నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు, మా కోసం లాఠీ దెబ్బలు తిన్నవాడు. చెడ్డవాడని అనలేను. ఒక సాయంత్రం మట్టయ్య లేస్తుంటే అందరిలోనూ అడిగేశాడు, పొద్దంతా ఈడ జై తెలంగాణ అనుడు, మాపటికి ఆంధ్రోళ్ల షెడ్డుల కూసుని చాయ్ తాగుడా అని. కొందరు నవ్వారు. ఈడి ముచ్చట్లు ఆడ చెప్తున్నడేమో అన్నారు ఇంకెవరో. బండి పని నేర్చుకుంటున్న అని గొణిగాడు మట్టయ్య. గీ వయసుల నేర్చుకుని ఏం జేస్తవని మళ్లీ నవ్వారు. తాగుడు మానడానికి పోతున్నానని చెప్పి ఉంటే ఆ నోళ్లు అక్కడే మూతపడేవి. అది చెప్పాలంటే ముందు తాగేవాడినని చెప్పాలి. ఆ ఒక్కటీ ఆయన నోట రాదు. నేను చెబుదామని లేచాను, వద్దన్నట్టు చూశాడు, కూర్చున్నాను.

మర్నాటి నుంచి షెడ్డుకు పోవడం మానేశాడు.

కొన్నాళ్లకు కొత్తపేటలో కూరల దగ్గర జోగారావు నాకు కనిపించాడు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, "మట్టయ్యగారికి నా మీద కోపమేమన్నా వచ్చిందాండీ? ఆయన చూస్తానన్నారని గేరుబాక్సు ఇప్పే ఉంచానండి" అన్నాడు. ఆ రోజుల్లో తెలంగాణ, ఆంధ్ర వాళ్ల మధ్య ఉన్న గాలి ఆయనకు తెలియనిది కాదు. అయినా కోపమా అని అడిగాడు, ఇంకేమీ అనలేదు. సమ్మె అయ్యాక వస్తాడులే అని చెప్పాను. మట్టయ్యకు ఈ మాట చేరవేస్తే తల అటు తిప్పుకుని, సమ్మె అయినంక పోత అన్నాడు. రోజూ వచ్చే సాయంత్రం మాత్రం సమ్మె అయ్యేదాకా ఆగదు కదా.

ఇంతలో దసరా వచ్చింది. మా డిపో పక్కన మైసమ్మ గద్దె ఉంది. ఏటా దసరాకు డ్రైవర్లు బండ్లు కడిగి, బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అమ్మవారికి సాక పోస్తారు. చిన్న ముంతలో కల్లో మందో తీసుకుని ఆమె ముందు ధారగా వదలడమే సాక. ముంతలో మిగిలింది పోసినవాడు తాగాలి, ప్రసాదం లెక్క. అందరికంటే పెద్ద డ్రైవర్ చేత్తో పోయించడం మా వాళ్ల ఆనవాయితీ, మా డిపోలో అది మట్టయ్యే. తాగుడు మానినప్పటి నుంచి మట్టయ్య ఆ పూట ఏదో పని చెప్పి తప్పించుకునేవాడు. ఈసారి అలా కుదరలేదు. బండ్లన్నీ కదలక నిలబడి ఉన్నాయి, సమ్మె గెలవాలని అందరిదీ ఒకటే మొక్కు. జగన్ ముంత తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. షెడ్డు సంగతి అందరి మనసుల్లోనూ ఉంది. ఆ పూట ముంత వద్దంటే సమ్మెనే వద్దన్నట్టుగా ఉండేది.

నేను కాస్త దూరంగా నిలబడి చూస్తున్నాను. మట్టయ్య సాక పోశాడు. చెయ్యి నిలకడగా ఉంది, ధార ఎక్కడా తెగలేదు. పోసి, ముంతలోకి చూశాడు. ఒక్క గుక్కలో తాగి ముంత బోర్లించాడు. అందరూ జై తెలంగాణ అన్నారు, జగన్ వచ్చి కావలించుకున్నాడు, జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే అడిగాను. అది తాగుడు గాదు చెల్లె, సాక, దాన్ని తాగుడంటే పాపం అన్నాడు. నమ్మే అన్నాడు. అబద్ధమాడి ఉంటే కోప్పడేదాన్ని, నమ్మేవాడిని ఏమనాలి. పైగా నేను చర్చికి పోయేదాన్ని, ఆయన మైసమ్మ గురించి నేను ఒక్క మాటన్నా అది ఇంకో మాటగా వినిపిస్తుంది. అందుకని అమ్మవారి జోలికి పోకుండా మా నాయిన సంగతి చెప్పాను. తాగేవాడికి ఏ దేవుడి దగ్గరైనా ఒక సందు దొరుకుతుంది, అందులో దేవుడి తప్పు లేదు అన్నాను. మట్టయ్య నవ్వి లేచిపోయాడు.

మర్నాడు టెంటులో నా ముందు చేతులు చాపలేదు. ఆ తరవాత కూడా చాపలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని దూరంగా కూర్చునేవాడు, సాయంత్రం అవుతుంటే వెనక సందులోకి పోయేవాడు. రాత్రుళ్లు టెంటుకు కాపలా ఉండాలని రాములమ్మకు చెప్పి ఇంటికి పోవడం తగ్గించాడు. లవంగం మళ్లీ వచ్చింది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది, ఏడుపూ వచ్చేది. వనస్థలిపురం పోయి రాములమ్మతో చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు బయలుదేరి వెనక్కి వచ్చాను. చెబితే ఆమె పిల్లను తీసుకుని పోతుంది. చెప్పకపోతే మా అమ్మలా చూస్తూ ఊరుకున్నదాన్ని అవుతాను. చివరికి మట్టయ్యను పక్కకు పిలిచి చెప్పాను, మీ ఇంట్ల నేను చెప్ప, అది నువ్వే చెప్పాలె, బండి తీసే పొద్దు మాత్రం చేతులు చూడకుండ ఎక్క అని. తలూపాడు. విన్నాడో లేదో తెలియలేదు.

అక్టోబరు నడిమిలో సమ్మె ఆపి మమ్మల్ని డ్యూటీలకు పొమ్మన్నారు. తెలంగాణ ఇంకా రాలేదు. టెంటు గుంజలు పీకుతుంటే మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఓడి పోతున్నట్టు ఉండొద్దు, తలెత్తుకుని పోవాలె అని జగన్ పట్టుబట్టి డప్పులు, దండలు, గులాల్ తెప్పించాడు. టీవీల వాళ్లను పిలిచాడు. డిపోలోంచి మొదట బయటికి వచ్చేది మా బండే అని నిర్ణయించాడు. డ్రైవర్ మట్టయ్య, కండక్టర్ నేను.

ఆ పొద్దున మట్టయ్య మిషన్‌లో ఊదాడు, సున్నా వచ్చింది. మెడలో దండ వేశారు, నుదుటికి గులాల్ పూశారు. వెళ్లి సీట్లో కూర్చున్నాడు. నేను కిటికీ కింద నిలబడ్డాను. చేతులు బయటికి రాలేదు. ఆయన ఎదురుగా అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. డప్పులు మోగుతున్నాయి, ఎక్కమ్మా ఎక్కు అని ఎవరో అంటున్నారు. నేను కదల్లేదు. గేటు దగ్గర జనం అప్పటికే బండిని పట్టుకుని ఉన్నారు. ఇన్నాళ్లూ నడిచి నడిచి అలసినవాళ్లు, బండి చూడగానే ముఖాలు విప్పారినవాళ్లు. పసిపిల్లను చంకనేసుకున్న ఒక ఆడమనిషి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. మట్టయ్య ఆమె ఎక్కడం అద్దంలో చూశాడు. చూసి, తలుపు తీసుకుని కిందికి దిగాడు.

నేరుగా మేనేజర్ త్రినాథరావు గారి దగ్గరికి నడిచాడు.

"సార్, నేను బండి తియ్య. దసరా సంది తాగుతున్న. రాత్రి గూడ తాగిన. మిషన్ల సున్నా వచ్చింది గని, ఇగో చూడున్రి."

రెండు చేతులూ ఆయన ముందు చాపాడు. నేను ఒకప్పుడు చూసిన దానికంటే ఎక్కువగా వణుకుతున్నాయి. దగ్గరున్న డప్పులు ఆగాయి, తరవాత దూరంవి ఆగాయి. జగన్ పరుగున వచ్చి మధ్యలో నిలబడ్డాడు. జొరమని చెప్పన్నా, టీవీలోళ్లున్నరు, రేపు మన సమ్మెను తాగుబోతుల సమ్మె అని రాస్తరు, ఇంతమంది ఇజ్జత్ పోతది అని చెవిలో బతిమాలాడు. మట్టయ్య వినిపించుకోకపోతే నా వైపు తిరిగి, నువ్వు చెప్పక్కా సార్‌కు, జొరమని చెప్పు అన్నాడు. అతని కళ్లల్లో నీళ్లున్నాయి.

త్రినాథరావు గారు కాకినాడ మనిషి. సమ్మె జరిగినన్ని రోజులూ ఆయన్ని అనుమానంగా చూసినవాళ్లం మేమే. ఆయన గొంతు తగ్గించి, "ఏమ్మా, జ్వరమేనా? జ్వరమని నువ్వు చెబితే సెలవు రాసేసి పంపించేస్తాను" అన్నాడు. చూసీ చూడనట్టు పోవడానికి ఆయన కూడా సిద్ధంగా ఉన్నాడు. ఇక అడ్డం ఉన్నది నా నోరొక్కటే.

జ్వరం అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అంటే ఆయన ఉద్యోగం నిలుస్తుంది, రాములమ్మకు తెలియదు, నేను ప్రాణం పెట్టి కూర్చున్న సమ్మెకు మచ్చ రాదు. అంత మంచి అబద్ధం నాకు మళ్లీ దొరకదు. మట్టయ్య నన్ను చూడటం లేదు, ఏమీ అడగడం లేదు, తన చేతుల్నే చూసుకుంటూ నిలబడ్డాడు. అన్నేళ్లుగా కడుపునొప్పి అంటూ వచ్చిన మనిషి ఇవాళ ఒక్క నిజం చెబితే, దాన్ని నేను అబద్ధం చేయాలా.

"జొరం గాదు సార్" అన్నాను. "మట్టన్న చెప్పిందే నిజం."

అసలు నువ్వు మనదానివేనా అన్నాడు జగన్. ఆ మాట ఇప్పటికీ నొప్పిగానే ఉంది. మట్టయ్యే అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆమెననకు జగన్. ఇజ్జత్ తీసింది నేను. బండెక్కేటోళ్లు గూడ మనోళ్లే గదరా."

జగన్ పక్కకు జరిగాడు. త్రినాథరావు గారు కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడి, ఆ తరవాత రాయాల్సింది రాశాడు. సస్పెన్షన్ అని అందరికీ తెలుసు. ఇంకో డ్రైవర్‌ను పిలిచారు. మట్టయ్య దండ తీసి ఆ డ్రైవర్ చేతికిచ్చి, ఎవరినీ చూడకుండా గేటు బయటికి నడిచాడు. డప్పులు మళ్లీ మోగాయి గానీ ముందున్న ఊపు లేదు. కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో జనం బండి మీద పూలు చల్లారు. నేను టికెట్లు కొడుతూ ఏడుస్తున్నాను. సమ్మె గురించి ఏడుస్తున్నాననుకుని ఒక పెద్దాయన, వస్తదిలే బిడ్డా తెలంగాణ అని ఓదార్చాడు.

డ్యూటీ దిగి తిన్నగా వనస్థలిపురం పోయాను. తలుపుకు తాళం ఉంటుందనే అనుకున్నాను. ఆ వీధి మలుపు తిరగడానికి నాకు భయమేసింది. ఆయన ఇల్లు కూలితే అందులో నా చెయ్యి కూడా ఉన్నట్టే. తలుపు తీసే ఉంది. రాములమ్మ ముందుగదిలో మిషన్ దగ్గర కూర్చుని ఉంది, కుట్టడం లేదు. గడప పక్కన నిండుగా సర్దిన బ్యాగు ఉంది. నేను కూర్చోకుండా నిలబడే ఉన్నాను.

"ఆయన వచ్చి చెప్పంగనే సర్దిన" అంది రాములమ్మ బ్యాగు చూస్తూ. ఒళ్లో ఉన్న జాకెట్టు గుడ్డ మడత సరిచేసింది.

"పెండ్లయిన కాడి సంది నేను వాసన పట్టుడు, ఆయన గాదనుడు. తాగిన అని ఆయన నోటితోని వినుడు ఇదే మొదలు" అంది. "ఇంతమందిల చెప్పి వచ్చి, మళ్ల నాకు చెప్పిండు. కాళ్లు ఆడలేదు వదినా, ఎట్ల పోవాలె?"

బ్యాగు విప్పుతావా అని అడిగితే, విప్పను అంది. ఇయ్యాల చెప్పిండు, రేపు గూడ చెప్పాలె, ఆ బ్యాగు గాడనే ఉంటది అంది. కోపంగా అనలేదు. అని, దారం సూదిలోకి ఎక్కించుకుంది.

లోపలి గదిలోంచి మట్టయ్య గొంతు వినిపిస్తోంది. జ్యోతికతో మాట్లాడుతున్నాడు. దసరా రోజు గద్దె దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆగుతూ, ఏదీ వదలకుండా కూతురికి చెబుతున్నాడు.